దొరపాలు: ఒక పండుగ గ్లాసు చరిత్ర



ఎల్లందు బొగ్గుబాయిల్లో మొదటి తరం కూలీల గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. ఆ మాట మీదే ఉన్నాను. కానీ మధ్యలో ఒక ఫోన్ వచ్చి దారి మళ్లించింది. మా కాలేజీలో డిగ్రీ చదివి ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్లవాడు ఒకడు వీడియో కాల్ చేసి, సూపర్‌మార్కెట్లో కొన్న ఒక అట్టడబ్బా చూపించాడు. "సార్, దీన్ని ఎగ్‌నాగ్ అంటరంట. ఇక్కడ క్రిస్మస్ వస్తే అందరూ ఇదే తాగుతరు. తాగంగనే అమ్మ యాదికొచ్చింది. మీ ఇంట్ల పోసిన దొరపాలే ఇది! మనోళ్లు వీళ్లను చూసి నేర్చుకున్నరా, వీళ్లు మనోళ్లను చూసి నేర్చుకున్నరా?"

నవ్వి ఏదో చెప్పి పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. ఒక గ్లాసులో ఏముంది అన్నది ఒక చరిత్ర. దాన్ని ఎవరు కలిపారు, ఎవరు పోశారు, ఎవరు పుచ్చుకున్నారు, ఎవరు పుచ్చుకోలేదు అన్నది ఇంకో చరిత్ర. రెండోదే మనది.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. కొత్తగూడెం వాడల్లో డిసెంబర్ చివరి వారం అంటే వరుసగా రెండు పండుగలు. 23న సింగరేణి ఆవిర్భావ దినం, ఎందుకంటే కంపెనీ ఆ పేరుతో రిజిస్టరైంది 1920 డిసెంబర్ 23న. ఆ రోజు జెండాలు, స్టాళ్లు, ఆటలు, బహుమతులు. రెండు రోజులు తిరిగితే క్రిస్మస్. 24 రాత్రి క్యారల్స్ గుంపు గిటారు, డప్పు, పెట్రోమాక్స్ లైటు పట్టుకుని క్వార్టర్ల వెంట తిరిగేది. ఒక్కో ఇంట్లో ఒక్కో మర్యాద: ఒకరింట్లో చాయ్, ఒకరింట్లో ఉప్మా, ఇంకొకరింట్లో కేకు ముక్క. మా ఇంటికి వచ్చేసరికి రాత్రి రెండు దాటేది. మా అమ్మ గుడ్డు పాలు పోసేది. మా ఇంట్లో దానికి పేరు 'దొరపాలు'.

లీటరు పాలకు ఆరు గుడ్లు. గుడ్లు పగలగొట్టి చక్కెర వేసి చేయి నొప్పి పుట్టేదాకా గిలకొట్టాలి. పాలు కాగాక దించి, ఒక గంటెడు వేడి పాలను దారంలా సన్నగా గుడ్లలోకి పోస్తూ కలుపుతూనే ఉండాలి. ఒక్కసారిగా పోస్తే గుడ్డు ఉడికి అట్టులాగా ముద్దకడుతుంది. తర్వాత అంతా కలిపి మళ్లీ సన్నని సెగ మీద పెట్టి, గంటెకు పల్చగా పట్టేదాకా తిప్పాలి, పొంగనివ్వకూడదు. బెల్లం వేయకూడదు, పాలు విరుగుతాయి. చివర్లో రెండు యాలకులు, జాజికాయ గీకిన పొడి చిటికెడు. నాయన గ్లాసులో మాత్రం రమ్ము సీసా మూతతో ఒక మూత. (చేసుకునేవాళ్లకు ఒక మాట: పచ్చిగుడ్డు అలాగే కలుపుకుని తాగే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, మంచిది కాదు, సాల్మొనెల్లా పట్టుకుంటుంది. 71 డిగ్రీల వేడి తగిలితే ఆ భయం పోతుంది. మా అమ్మ దగ్గర థర్మామీటర్ లేదు, గంటె ఉంది.)

ఆ పేరెందుకు వచ్చిందంటే, మా తాత బాల్యంలో దొరగారి బంగ్లాలో వంటింటి పనికి ఉండేవాడు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఎల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. 1930ల చివరికి కొత్తగూడెంలో బాయిలు లేచాయి. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనేదాకా పెద్ద కుర్చీలన్నీ ఇంగ్లీషు దొరలవే. అలాంటి ఒక బంగ్లాలో క్రిస్మస్ ముందు రాత్రి డజన్ల కొద్దీ గుడ్లు గిలకొట్టడం పన్నెండేళ్ల మా తాత పని. దొరసాని దాన్ని ఏమందో ఆయనకు 'ఎగ్గునాగు' అని వినిపించింది. మా నాయనమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఆ పేరు విని, పాలల్లో నాగుపామును వేస్తారేమోనని జడుసుకుందట. అందుకని పేరు మార్చి దొరపాలు అన్నారు. డాలస్ పిల్లవాడికి జవాబు ఇదే: మనం చూసే నేర్చుకున్నాం. కానీ అతిథిగా కూర్చుని కాదు, వంటింట్లో నిలబడి.

ఆ వంటింట్లో మా తాతే ఎందుకున్నాడు? ఇక్కడ ఆగాలి. గుడ్డు, పశుమాంసం, సారాయి ముట్టే పని చేయడానికి సవర్ణులు ఒప్పుకునేవాళ్లు కాదు. దక్షిణాదిన తెల్లవాళ్ల వంటవాళ్లుగా, బట్లర్లుగా మనవాళ్లు అంతమంది కనిపించడానికి కారణం అదే. అంటరానితనం మూసిన తలుపుల పక్కనే ఈ ఒక్క తలుపు కొద్దిగా తెరుచుకుంది. దొర మా తాత చేతి పాలు తాగాడు. అదే కంపెనీ ఆఫీసులో లెక్కలు రాసే గుమాస్తా మాత్రం మా తాత ముట్టిన కుండలో నీళ్లు తాగడు. దీన్ని చూసి దొర గొప్పవాడని మురిసిపోనక్కర్లేదు. తాత ఆ గ్లాసు పోశాడే గానీ, ఆ బంగ్లాలో కూర్చుని ఒక్కసారీ తాగలేదు. గిన్నె అడుగున మిగిలింది గోక్కుని తాగేవాడు. ఆ రుచినే పెళ్లయ్యాక ఇంటికి తెచ్చాడు.

ఇప్పుడు ఆ డబ్బాలోని సరుకు కథ. ఇంగ్లండులో మధ్యయుగాల్లోనే 'పాసెట్' అనే పానీయం ఉండేది, వేడి పాలను ద్రాక్షసారాలోనో బీరులోనో పోసి మసాలా కలిపేవాళ్లు. పాలు, గుడ్లు, మంచి సారాయి మూడూ ఒకచోట ఉండేది సంపన్నుల ఇళ్లలోనే. అది అట్లాంటిక్ దాటి అమెరికా వలసలకు పోయాక రైతుల ఇళ్లలోకి దిగింది, ఎందుకంటే అక్కడ ఆవులూ కోళ్లూ ఎక్కువ, రమ్ము చవక. రమ్ము ఎందుకు చవక? కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసలు చెరుకు నరికి, బెల్లం మడ్డి తీసి, ప్రాణాలు పోసి తయారుచేశారు కాబట్టి. పైన గీకే జాజికాయ సంగతి ఇంకా చేదు. అది అప్పట్లో బాందా దీవుల్లో మాత్రమే పండేది. 1621లో డచ్ కంపెనీ ఆ దీవుల మీద పడి వేలమందిని చంపి, మిగిలినవాళ్లలో చాలామందిని బానిసలుగా పట్టుకుపోయింది. ఆ డచ్ కంపెనీకే మన మచిలీపట్నంలో కోఠీ ఉండేది. ఇక్కడి మగ్గాల మీద నేసిన బట్టను ఓడల్లో తీసుకెళ్లి తూర్పు దీవుల్లో మసాలాలకు మారకం వేసేవాళ్లు. కాబట్టి అమెరికా పండుగ గ్లాసులో మన తెలుగు నేతగాడి దారం కూడా ఒక పోగు ఉంది.

ఎగ్‌నాగ్ అన్న పేరు కనిపించే తొలి రాతల్లో ఒకటి 1775 ప్రాంతంలో మేరీలాండ్ మతగురువు ఒకాయన రాసిన పద్యం. అదే మేరీలాండ్‌లో తర్వాత నలభై ఏళ్లకు కొంచెం అటూ ఇటూగా ఒక బానిస తల్లికి ఒక బిడ్డ పుట్టాడు. పేరు ఫ్రెడరిక్ డగ్లస్. 1838లో బాల్టిమోర్ నుంచి తప్పించుకుని, 1845లో తన జీవితకథ అచ్చువేశాడు. మన విద్యార్థులు అంబేడ్కర్ తర్వాత ఒక్క పుస్తకం చదవాలంటే నేను అదే చెప్తాను. అందులో క్రిస్మస్ మీద కొన్ని పేజీలున్నాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా బానిసలకు సెలవు. ఆ సెలవుల్లో తన కోసం చీపుర్లో బుట్టలో అల్లుకునేవాణ్ణి యజమాని ఇష్టపడేవాడు కాదట. తాగి పడిపోయినవాణ్ణి ఇష్టపడేవాడట. ఎవరి బానిస ఎక్కువ తాగుతాడని యజమానులు పందేలు కాసేవాళ్లట. ఎందుకు? వారం రోజులు తాగి తాగి ఒళ్లు హూనమయ్యాక, స్వేచ్ఛ అంటే ఇంతేనేమో, దీనికన్నా పొలం పనే నయం అనిపించి వాళ్లంతట వాళ్లే తిరిగి నాగలి పట్టాలి. సెలవు అనేది తిరుగుబాటు ఆవిరి బయటికి పోయే కన్నం అని డగ్లస్ తేల్చాడు. ఆయన సెలవు వద్దనలేదు. సెలవును ఎవరి లెక్క ప్రకారం ఇస్తున్నారో చూడమన్నాడు.

(అదే పానీయం తెల్లపిల్లలు తాగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1826 క్రిస్మస్ రాత్రి వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయంలో కేడెట్లు దొంగచాటుగా విస్కీ తెచ్చి ఎగ్‌నాగ్ కలుపుకుని, తాగి, కిటికీలు పగలగొట్టి, అధికారుల మీద పడ్డారు. దాన్ని చరిత్రలో 'ఎగ్‌నాగ్ అల్లరి' అంటారు. ఆ గుంపులో ఉన్న ఒక కేడెట్ జెఫర్సన్ డేవిస్. కోర్టు మార్షల్ కూడా లేకుండా బయటపడ్డాడు. తర్వాత బానిసత్వాన్ని నిలబెట్టడానికి విడిపోయిన దక్షిణ రాష్ట్రాలకు అధ్యక్షుడయ్యాడు. మన పిల్లలు హాస్టల్‌లో ఒక్క కిటికీ పగలగొడితే టీసీ చేతిలో పెడతారు.)

డగ్లస్‌ను చదివిన ప్రతిసారీ నాకు బాయి గేటు గుర్తొస్తుంది. జీతాల రోజు గేటు బయట ఇద్దరు కాచుకుని ఉండేవాళ్లు: వడ్డీవాడు, సారా కాంట్రాక్టరు మనిషి. నాయన కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మాస్ పట్టుకుని బొగ్గు ఎత్తేవాడు. "సారా పడితేనే గొంతుల బొగ్గుదుమ్ము దిగుద్ది" అని ఆ కాలం కార్మికులందరూ నమ్మారు. దుమ్ము గొంతులో కాదు, ఊపిరితిత్తుల్లో చేరుతుందనీ, అక్కడికి సారా పోదనీ వాళ్లకు చెప్పినవాడు లేడు. ఆ నమ్మకం ఎవరి గల్లాపెట్టె నింపింది? మన ఉద్యమంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పటి నుంచీ పెళ్లిళ్లలో, పండుగల్లో మందు మానమని వాడవాడా తిరిగి చెప్పాడు. 1990ల్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబర్‌లో సారా నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయింది. 1997లో ప్రభుత్వం ఆదాయం కోసం దాన్ని ఎత్తేసింది.

1996 క్రిస్మస్ నాకు బాగా గుర్తు. నిషేధం ఉంది, రమ్ము లేదు. గుడుంబా మాత్రం కావలసినంత ఉంది. నాయన ఎవరో ఇచ్చిన సీసా తెచ్చి పాలల్లో పోయబోతే అమ్మ గ్లాసు లాక్కుంది. "పాల వాసన పిల్లలకు తెలుసు, సారా వాసన తెల్వద్దు" అంది. నాయన ఆ రాత్రి రమ్ము లేని దొరపాలు తాగి నైట్ షిఫ్టుకు పోయాడు. తర్వాత నిషేధం ఎత్తేసినా మా ఇంట్లో ఆ మూత మళ్లీ తిరగలేదు. ఇది మద్యం మానిన ఆదర్శ కుటుంబ కథ అనుకోకండి, నాయన బయట తాగేవాడు. ఇంటి గ్లాసు మాత్రం మారింది.

ఇక వడ్డించడం సంగతి. 1936లో అచ్చయిన 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ జైపూర్ సంస్థానంలోని చక్వారా గ్రామం సంఘటన రాశారు. తీర్థయాత్ర నుంచి వచ్చిన ఒక అంటరాని మనిషి తన కులం వాళ్లకే విందు పెట్టుకుని, నెయ్యి వడ్డించాడు. భోజనాల మధ్యలో హిందువులు లాఠీలతో వందలమంది వచ్చి పడి, అన్నం నేలపాలు చేసి, తినేవాళ్లను కొట్టారు. తిండి వాళ్లది కాదు, డబ్బు వాళ్లది కాదు, పిలిచింది వాళ్లను కాదు. నెయ్యి వడ్డించడమే నేరం. వడ్డించేవాడు కూడా గౌరవం అడుగుతున్నాడన్నది వాళ్లకు బాగా అర్థమైంది. ఈ ఒక్క పేజీ చదివాకే నాకు మా అమ్మ 24 రాత్రి ఇరవైమందికి గ్లాసులు సర్ది పెట్టడంలో ఉన్న బరువు తెలిసింది. మన తెలుగు పల్లెల్లో హోటల్‌లో రెండు గ్లాసుల పద్ధతి గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు డిస్పోజబుల్ గ్లాసులొచ్చి ఆ గొడవ పోయిందంటారు. కొన్నేళ్ల కింద మా క్యారల్స్ గుంపు తిరుగుతుంటే ఒక ఇంట్లో మర్యాదగా లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. వాళ్ల బంధువులకు స్టీలు గ్లాసుల్లో చాయ్, మాకు కాగితం కప్పుల్లో. కడిగే పని తప్పుతుందని నవ్వుతూ అన్నారు. కప్పులు అందరికీ సరిపడా ఉన్నాయి, గ్లాసులూ ఉన్నాయి. అంతే చెప్తాను.

"సార్, అందుకే కదా మనోళ్లు చర్చికి పోయింది" అంటారు. నిజం. ప్రభురాత్రి భోజనంలో ఒకే రొట్టె, ఒకే పాత్ర. ఒకే గిన్నె మీద అందరి పెదవులు. కులం మీద ఇంతకన్నా సూటి దెబ్బ ఇంకేముంటుంది? కానీ ఆ పాత్ర చరిత్ర కూడా చూడాలి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో తమిళనాడు ప్రొటెస్టెంట్ చర్చిల్లో వెళ్లాల క్రైస్తవులు ముందు, పరయ క్రైస్తవులు తర్వాత ఆ పాత్ర పుచ్చుకునేవాళ్లు, కూర్చునే చోట్లు కూడా వేరు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఇకమీదట చర్చిలో కులం ఉండకూడదని ఉత్తరం రాస్తే, తంజావూరులో, మద్రాసు వేపేరిలో చాలామంది సవర్ణ క్రైస్తవులు చర్చినే వదిలి వెళ్లారు. దేవుణ్ణి వదులుకోవడం సులువనిపించింది, వరసలో ముందు ఉండటం వదులుకోవడం కష్టమైంది.

మన తెలుగు నేల మీద కథ కింది నుంచి మొదలైంది. ఒంగోలు ప్రాంతంలో మాదిగలు ఎర్రగుంట్ల పేరయ్య వెంట క్రైస్తవంలోకి వచ్చారు. కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీ జాన్ క్లౌ వాళ్లకు పెట్టిన ముఖ్యమైన నియమాల్లో ఒకటి చచ్చిన గొడ్డు మాంసం తినకూడదని. అది తిండి నియమం మాత్రమే కాదు. గొడ్డును ఎత్తం, జాతరలో డప్పు కొట్టం అన్న రోజున ఊరు మొత్తం పని బంద్ పెట్టింది. తిననని చెప్పడం కూడా ఒక తిరుగుబాటే.

మా వైపు కథ డోర్నకల్‌ది. బొగ్గు వ్యాగన్లు ఎల్లందు నుంచి, కొత్తగూడెం నుంచి బయల్దేరి మెయిన్ లైనులో కలిసేది డోర్నకల్ జంక్షన్‌లో. అదే డోర్నకల్‌కు తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబర్ 29న బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో సభలో తెల్ల మిషనరీల ముందే నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులు కావాలి అన్న అర్థంలో మాట్లాడి సభను ఇబ్బందిపెట్టాడు. మా నాయనమ్మ వైపు వాళ్లు ఆయన కాలంలోనే చర్చికి వచ్చారు. ఆ చర్చిలో ఉన్నది ఎక్కువమంది మాలలూ మాదిగలే. ఒకే పాత్ర అందుకోవడం దగ్గర ఆ ఇద్దరి మధ్యే తగువులు నడిచాయి.

ఇది రాయడానికి చేయి వెనక్కి లాగుతోంది. ఎందుకంటే ఇప్పుడు వాతావరణం బాగా లేదు. 2024 ఆగస్టు 1న వర్గీకరణకు సుప్రీంకోర్టు అనుమతిచ్చింది, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో మూడు గ్రూపుల చట్టం అమల్లోకి వచ్చింది. నేను మాదిగను, వర్గీకరణ న్యాయమైనదని నమ్ముతాను. కానీ మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకరినొకరు తిట్టుకుంటున్న భాష చూస్తుంటే, నిన్నటిదాకా ఒకే హాస్టల్ కంచంలో తిన్నవాళ్లేనా వీళ్లు అనిపిస్తోంది.

మా క్యారల్స్ గుంపులో ఒక పెద్దాయన ఉండేవాడు. మాల, చర్చి పెద్ద, గొంతు ఎత్తితే వాడంతా లేచేది. ఏటా మా ఇంటికి వస్తాడు, ప్రార్థన చేస్తాడు, అమ్మ ఇచ్చిన గ్లాసు తీసుకుని పక్కన పెడతాడు. "షుగరమ్మా" అంటాడు. పక్కింట్లో కేకు తింటాడు. అమ్మ ఏమీ అనేది కాదు, ఆ గ్లాసు తెల్లారి నాకు పోసేది. ఒక ఏడు అమ్మ గ్లాసులు సర్దలేదు. పెద్ద ఇత్తడి చెంబు నిండా దొరపాలు పోసి అందరి మధ్యలో పెట్టి, "చర్చిల ఎట్ల తాగుతరో అట్లనే తాగుండ్రి" అంది. ఎవరూ మాట్లాడలేదు. చెంబు చేతులు మారింది. పెద్దాయన దగ్గరికి వచ్చింది. ఆయన కాసేపు పట్టుకుని, తల వెనక్కి వంచి, పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకున్నాడు. వాళ్లు వెళ్లాక నేను "తాగిండా, తాగలేదా?" అని అడిగితే అమ్మ "సగం తాగిండు" అంది.

ఈ ముచ్చట ఇక్కడ ఆపితే మా కులం వాళ్లు లైకులు కొడతారు. అందుకే ఆపను. మా ఇంటి వెనక చూరులో ఒక సత్తుగిన్నె ఉండేది. పండుగలకు డక్కలి వాళ్లు వచ్చేవాళ్లు, మాదిగలను అడుక్కుని, మాదిగల పుట్టుక కథలు పాడే కులం. కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాకే చాలామందికి ఆ పేరు తెలిసింది. వాళ్లు మా గడప లోపలికి వచ్చేవాళ్లు కాదు. నాయనమ్మ ఆ సత్తుగిన్నె దించి, వాకిట్లో పెట్టి, దొరపాలు పైనుంచి పోసేది. తాగాక వాళ్లే కడిగి బోర్లించి పోవాలి, మళ్లీ అది చూరులోకే. మేం మాలల ఇంట్లో గ్లాసు కోసం చూసిన చూపుకూ, డక్కలి పిల్లలు మా గిన్నె కోసం చూసిన చూపుకూ తేడా ఏముంది? అంతస్తుల అసమానత అని అంబేడ్కర్ చెప్పింది నేను పీహెచ్‌డీలో చదివి నేర్చుకోలేదు. మా చూరులో ఉంది, కనిపించడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

పండుగ అనగానే ఇప్పుడు ఇంకో భయం కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది. ఆ తీర్పు తర్వాత మా విద్యార్థిని ఒకామె క్రిస్మస్ చెట్టు ముందు ఫొటోలన్నీ ఫోన్లోంచి తీసేసింది. "సర్టిఫికెట్ పోతే ఫీజు ఎవరు కడతరు సార్?" అంది. మతం మారితే కులం పోదని పైన రాసినదంతా చెప్తోంది. చెంబు సాక్షి, సత్తుగిన్నె సాక్షి. కులం పోలేదు, కానీ పోయిందని కాగితం అంటుంది. ఈ విషయం తేల్చడానికి 2022లో వేసిన జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ ముందు మన సంఘాలు చెప్పాల్సిన సాక్ష్యం ఇలాంటిదే.

గుడ్డు గురించి ఒక్క ముక్క. 2021 డిసెంబర్‌లో కర్ణాటకలో బడిపిల్లలకు గుడ్డు పెడితే మఠాధిపతులు అడ్డం పడ్డారు. గంగావతిలో ఒక బడిపిల్ల కెమెరా ముందు నిలబడి, గుడ్డు ఆపితే మఠానికే వచ్చి తింటామని చెప్పింది. మన దగ్గర 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు భోజనంతో పాటు ఇస్తున్నారు. గుడ్డూ పాలూ! ప్రభుత్వం ఇప్పుడు లెక్కగట్టి ఇస్తున్నది మా అమ్మ ఏనాడో గంటెతో కొలిచింది. ఆ అంగన్‌వాడీలో వండేది ఏ కులం, అక్కడ తిననని లేచి వెళ్లేది ఏ కులం అన్నది మీ మీ ఊళ్లలో మీరు చూడండి, రాసి నాకు పంపండి.

పోయిన క్రిస్మస్‌కు మా ఇంటికి విద్యార్థులు పదిమంది దాకా వచ్చారు. వాట్సాప్‌లో తిట్టుకున్నవాళ్లే ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడలేదు గానీ కూర్చున్నారు. వాళ్లలో ఒకడు డక్కలి పిల్లవాడు, ఎమ్మే తెలుగు చదువుతున్నాడు. వాడి తాత మా వాడకే అడుక్కోవడానికి వచ్చేవాడట, కూర్చున్న కాసేపటికి వాడే చెప్పాడు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర అది విన్నది. నాకు గుండె ఆగినట్టయింది. అమ్మ లోపలికి వెళ్లి ఐదు నిమిషాల దాకా రాలేదు. ఆ సత్తుగిన్నె అటక మీద ఉందని నాకు తెలుసు, పారేయమని ఎన్నిసార్లు చెప్పినా పారేయలేదు.

పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని వచ్చింది. అన్నీ స్టీలు గ్లాసులే, ఒకే రకం. మొదటిది వాడికి ఇచ్చింది. వాడు తాగి, మూతి తుడుచుకుని, "జాజికాయ కొంచెం ఎక్కువ పడ్డదమ్మా" అన్నాడు.

"రెండో గిలాసల తక్కువ ఏస్త, ఆగు" అంది అమ్మ.

వచ్చే భాగం తప్పకుండా ఎల్లందు కూలీల మీదే. మీ తాతముత్తాతలు అక్కడ పనిచేసి ఉంటే వాళ్ల ముచ్చట్లు ఇన్‌బాక్స్‌లో రాయండి. పేర్లు లేకుండానే వాడుకుంటాను.

జై భీమ్.